మొగిలి మెడలో వెండి చక్రం

మందమర్రి,
భాద్రపద పున్నమి పోయిన తెల్లారి.

చిరంజీవి తమ్ముడు బ్రహ్మయ్యకు, నీ అక్క వీరవ్వ దీవించి రాయించే సంగతులు.

నువ్వు, మరదలు, పిల్లలు అందరూ కరీంనగర్‌లో చల్లగా ఉన్నారని తలుస్తాను. చిన్నవ్వ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? ఆముదం వెచ్చజేసి రాసి, జిల్లేడాకు కట్టమని చెప్పు. ముందు ఆమె కాళ్ళకు నా దండం పెట్టి, తర్వాత ఈ ఉత్తరం ఆమె ముందరనే చదువు. ఇక్కడ నేను, కోడలు సత్తెవ్వ బాగానే ఉన్నాము. "బాగున్నమని మొదలు రాయాలె అవ్వా, గట్ల రాస్తెనే ఉత్తరం" అంటున్నాడు రాసేటాయన. సరే రాయమన్నాను. మాకు రోగం నొప్పి లేదు. తింటున్నాము, పంటున్నాము. మా గురించి ఫికరు పెట్టుకోకు. ఏడాది దాటింది, పెట్టుకోలేదు కదా. ఇప్పుడు కొత్తగా పెట్టుకునేది లేదు.

రాసేటాయన ఎవరో కొంచెం తర్వాత చెబుతాను. ఇప్పుడే చెబితే నువ్వు ఇక్కడనే చదవడం ఆపి కుంపట్లో పడేస్తావు. నీకు కుంపట్లో, పొయ్యిలో పడేసే అలవాటు ఉంది.

నీ కార్డు అందింది. దానికి జవాబు చెప్పేముందు ఇక్కడి సంగతులు నాలుగు చెప్పాలి, అక్క ఎట్లా బతుకుతుందో నీకు తెలియాలి.

ఈ ఊళ్ళో పొద్దు చూసి ఎవరూ లేవరు. బొగ్గుబావి కూత పెడుతుంది, అందరూ లేస్తారు. మళ్ళీ కూత పెడుతుంది, తింటారు. ఆరేసిన చీర సాయంత్రానికి ముట్టుకుంటే వేళ్ళకు నలుపు అంటుతుంది. కుండలో నీళ్ళు వంపి చూస్తే అడుగున కాటుక. ముసురు పట్టిందంటే వాకిలి అంతా నల్ల బురద. తెల్ల ముగ్గు వేస్తే అది ఒక్క పూట నిలువదు. సత్తెవ్వ బొగ్గు గుట్ట మీద రాళ్ళు ఏరే పనికి పోతుంది. పొద్దుగూకి వచ్చి చేతులు కడుక్కుంటుంది, కడుక్కున్న చేతుల వంకే చూస్తూ కూర్చుంటుంది. పిలిస్తే పలుకుతుంది, పిలవకపోతే లేదు. మా పక్కింట్లో చాందా దిక్కు మరాఠీ మనుషులు ఉన్నారు. ఆ ఇంటామె నన్ను అవ్వా అన్నట్టు "ఆజీ" అని పిలుస్తుంది, జొన్నరొట్టె చేసిన రోజు ఒకటి నాకు పంపుతుంది. నాకు ఆమె మాట సగమే తెలుస్తుంది, ఆమెకు నాది సగమే తెలుస్తుంది. అయినా కొట్లాట లేదు. ఒక్క భాష మాట్లాడుకునే మనకే కొట్లాట వచ్చింది.

తిండికి లోటు లేదు. లోటు ఏమిటంటే చప్పుడు. మన వెండిపనోళ్ళ వాడలో పొద్దంతా చిన్న సుత్తి చప్పుడు ఉండేది కదా, టక్ టక్ టక్ అని, ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో. నేను పుట్టింది ఆ చప్పుడులోనే. ఇక్కడ చప్పుళ్ళన్నీ పెద్దవి. భూమి లోపల మందు పేలితే గోడ మీది గిన్నె కదులుతుంది. అది కదిలినప్పుడల్లా సత్తెవ్వ నా చెయ్యి పట్టుకుంటుంది.

ఇక నీ కార్డు సంగతి.

నువ్వు ఏమని రాసినావు? "మొగిలి శవాన్ని కిరస్తానీ బొందలగడ్డ నుంచి తీయించి, మన పద్ధతిలో కాల్చి, బొక్కలు గోదావరిలో కలిపితేనూ, వాని మెడలోని సిలువను కులం ముందర కరగబెడితేనూ, నిన్ను, నీ కోడలిని కులంలో కలుపుకుంటాము, పెత్రమాసకు పెద్దలతో పాటు వాని పేరు మీద బియ్యం ఇస్తాము." రాసేటాయన చదివి వినిపించినాడు. నేను మళ్ళీ చదవమన్నాను. నా కొడుకు గురించి నా తమ్ముడు రాసినదేనా అని కింద పేరు కూడా చదివించుకున్నాను.

ఏడాది పొడుగునా లేని ప్రేమ ఇప్పుడు ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. నీ చిన్న కొడుకుకు సంబంధం చూస్తున్నారు. పిల్ల వాళ్ళు అడిగి ఉంటారు, "మీ మేనల్లుడు కిరస్తానీ గడ్డల ఉన్నడట గద" అని. చిన్నవ్వ చెప్పి పంపింది నాకు, ఆమెను తిట్టకు.

నువ్వు కులపెద్దవు, పదిమంది తగువులు తీరుస్తావు. నా తగువు నేను చెప్పుకుంటాను, విను. నీకు తెలిసినదే చెబుతాను. కానీ నువ్వు మరిచిపోయినట్టు నటిస్తున్నావు కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

ఆ దవాఖాన సిస్టరమ్మ మన ఇంటికి వచ్చిన దినం గుర్తు చేసుకో. ఎర్రటి ముఖం, తెల్ల బట్టలు, కాళ్ళకు మగవాళ్ళ జోళ్ళు. ఆమె పేరు బ్రిజితమ్మో ఏదో, మన వాడకు నోరు తిరగక బిజిలమ్మ అని పెట్టుకున్నారు. నువ్వు "రా ఇంగ్లీషు దొరసానమ్మా, కూసో" అంటే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇంగ్లీషు కాదు! ఐర్లాండు! మాకు ఇంగ్లీషువాళ్ళు, మీకు ఇంగ్లీషువాళ్ళు, ఒకటే దొంగ!" అన్నది. మనమంతా నవ్వినాము. మొగిలి అయితే ఊదుగొట్టం జారవిడిచినాడు.

ఆమె చిన్న పెట్టె తీసి అందులోని బిళ్ళ చూపింది. వాళ్ళ అమ్మదట. నిలువు ఒకటి, అడ్డం ఒకటి, రెండు కలిసే చోట చుట్టూ గుండ్రం. ఆ కొమ్మల నిండా తీగ అల్లుకొని ఉంది, ఎక్కడా కొస కనిపించదు. వాళ్ళ దేశంలో అట్లాంటివి రాతితో చెక్కి పొలాల నడుమ నిలబెట్టి ఉంటాయట, మన దగ్గర వీరగల్లులు నిలబడ్డట్టు. "మొదలు లేదు, కొస లేదు, అట్లా కావాలి" అన్నది. దవాఖానలోని సిస్టరమ్మలకు తలా ఒకటి.

నువ్వు ఆ బిళ్ళను చేతిలో పట్టుకొని తిప్పి తిప్పి ఏమన్నావు? నా చెవులతో విన్నాను. "గిది చక్రమే గదనే అక్కా! సుదర్శన చక్రం లెక్క ఉన్నది" అన్నావు. అడ్వాన్సు పుచ్చుకున్నది నువ్వు. వెండి కరిగించింది నువ్వు. కమ్మచ్చు చిల్లుల గుండా తీగను వెంట్రుక అంత సన్నగా లాగింది నువ్వు. రెండు తీగలు జోడించి పలకల నడుమ పేనింది నేను. మడిచి, పొదిగి, వెలిగారం పెట్టి అతికింది మొగిలి. ముగ్గురం చేసినాము తమ్మీ. తప్పు ఒక్కడికే పడ్డది.

ఆ అల్లిక మీ ఇద్దరికీ అంతు చిక్కలేదు. ఏ దిక్కు నుంచి తిప్పినా చివరకు ఒక కొస బయటికి వచ్చి వెక్కిరించేది. నువ్వు విసిగి, "గా దొరసానికి వాపసు ఇయ్యిరా" అన్నావు. నేను చూసినాను. అది మెలికల ముగ్గు. మన అవ్వ ప్రతి శుక్రవారం వేసేది కదా, చుక్కలు పెట్టి, చుక్కను ముట్టకుండా చుట్టూ తిప్పి, పట్టిన చోటనే విడిచేది. నేను అరుగు మీద పిండితో వేసినాను. మొగిలి నా పక్కన గొంతుకూర్చొని, నా వేలి వెంట వాడి వేలు పెట్టి తిప్పినాడు. "అవ్వా, గిది నీ ముగ్గేనే! దొరసానోల్ల దేశానికి ఎప్పుడు పోయి వేసొచ్చినవే?" అని నవ్వినాడు. వాడు అట్లా నవ్వడం నేను చివరిగా చూసిన కాలం అది.

మొదటిది చేసినప్పుడు ఒక చోట తప్పిపోయింది. కిందికి పోవాల్సిన తీగ మీదికి పోయింది. పెద్దగా ఎవరికీ కనిపించదు. వాడికి కనిపించింది. "ఇది ఆమెకు ఇయ్య. కరగబెట్ట సుత. ఇది నాది" అని నల్లదారానికి గుచ్చి మెడలో వేసుకున్నాడు. జంధ్యం పక్కన అది. నువ్వు చూసినావు. రోజూ చూసినావు. ఎదురుగా కూర్చొని పని చేసేవాడివి, ఎట్లా చూడవు? ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత మన కులపోళ్ళ పెండ్లి వచ్చింది. చేదబావి దగ్గర మగవాళ్ళు స్నానాలు చేస్తున్నారు. నేను గాడిపొయ్యి దగ్గర గుమ్మడికాయ కోస్తున్నాను. హుజూరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మొగిలిని చూసి, "ఏందిర నీ మెడల? సిలువనా?" అన్నాడు. మాట అక్కడ మొదలైంది. నువ్వు బొట్లు కారే ఒంటితో వచ్చి నిలబడ్డావు.

"తియ్యిర దాన్ని."

"ఏం తీసుడు మామా? చక్రమంటివి గద నువ్వే."

"గప్పుడన్న. గిప్పుడు పదిమంది చూస్తుండ్రు."

"పదిమంది చూస్తె చక్రం సిలువైతదా మామా? నువ్వు సాయిబులకు తాయెత్తులు చేస్తివి, నవాబులకు పాందాన్లు చేస్తివి. నీకు గడ్డం వచ్చిందా మరి?"

ఎవరో నవ్వినారు. ఒకరు నవ్వితే ఇంకో నలుగురు నవ్వినారు. ఆ నవ్వే మా కొంప తీసింది. వాడు అన్న మాటకు కాదు, ఆ నవ్వుకు నీ ముఖం నల్లబడ్డది. "గట్లయితె గిదెందుకుర నీకు!" అని చెయ్యి వేసి వాడి జంధ్యం పట్టి గుంజినావు. అది ఒక్క గుంజుకు తెగలేదు. రెండు చేతులతో పట్టి తెంపినావు. తెంపి గాడిపొయ్యిలో వేసినావు. నా ముందరనే పడింది తమ్మీ. పసుపు పెట్టిన నూలు కాలితే ఎట్లాంటి వాసన వస్తుందో అంతకుముందు నాకు తెలియదు.

తండ్రి లేని పిల్లవాడికి ఆ జంధ్యం వేసింది ఎవరు? నువ్వే. నా పెనిమిటి పోయినంక నీ ఇంట్లో అడుగు పెట్టినాను, "వానికి నేనే బాపు" అన్నావు. పీట మీద నీ తొడ ఆనించి కూర్చోబెట్టుకొని వేసినావు. వేసిన చెయ్యే తెంపింది.

కులం తప్పించినారు. నీళ్ళు లేవు, నిప్పు లేదు. వెండి ఇచ్చేవారు లేరు. చేసిన సొమ్ము కొనేవారు లేరు. బిజిలమ్మకు చెప్పుకుందామంటే ఆమె అప్పటికే వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఆమెకు ఇదేమీ తెలియదు, ఆమె తప్పు నేను అనను. చొప్పదండిలో సత్తెవ్వ తల్లిగారింట్లో కొన్నాళ్ళు తల దాచుకున్నాము. వాళ్ళ మీదికి కూడా మాట వస్తుందని మందమర్రి వచ్చినాము. ఇక్కడ కులం అడగరు. తట్ట మోస్తావా, లోపలికి దిగుతావా అని అడుగుతారు.

వెంట్రుక అంత తీగను పట్టుకునే వేళ్ళతో వాడు తట్ట పట్టినాడు. మొదట గోళ్ళు నల్లబడ్డాయి, తర్వాత విరిగినాయి. ఒకసారి నా చెవిపోగు తెగితే అతుకు పెట్టమని ఇచ్చినాను. వేళ్ళ నడుమ పెట్టి అటు ఇటు తిప్పినాడు. "వేల్లకు తెలుస్తలేదే అవ్వా, తీగ ఉన్నదో లేదో" అని తిరిగి ఇచ్చినాడు. ఆ తర్వాత నేను అడగలేదు.

జంధ్యం కొత్తది వేసుకోరా అని వాడికి ఎన్ని తీర్ల చెప్పినానో. అంగట్లో దొరుకుతుంది కదా. గుడి దగ్గర అయ్యగారు కూడా ఇస్తాను అన్నాడు. వాడు ఏమన్నాడో విను, బ్రహ్మయ్యా. చిన్నవ్వకు కూడా వినిపించేటట్టు గట్టిగా చదువు. "మామ తెంపిండు. మామనే వెయ్యాలె. జర కోపం తగ్గనియ్యి, వస్తడు" అన్నాడు. కోపం వాడికి లేదు, నాకు ఉండేది. ప్రతి పండుగకు "మామ వస్తడేమోనే" అని దారి చూసేవాడు. ఖాళీ రొమ్ముతో నీ కోసం కూర్చున్నాడు.

పోయినేడు శ్రావణంలో సత్తెవ్వ తల్లికి బాగాలేదంటే నేను, ఆమె చొప్పదండి పోయినాము. వానలు పట్టుకున్నాయి. వాగు పొంగి పెద్దపల్లికి బస్సు ఆగిపోయింది. ఇక్కడ బొగ్గుబావిలో పైకప్పు పడ్డది. ముగ్గురిని తీసినారు. ఇద్దరిని వాళ్ళ వాళ్ళు గుర్తుపట్టినారు. మూడో మనిషి ముఖం గుర్తుపట్టేటట్టు లేదు, ఎవరి బదులో దిగినాడు, హాజరులో పేరు లేదు. మెడలో సిలువ ఉంది. బావి కూలిన కబురు మాకు అంది, వాగు దిగి, రైలెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు చెబుతాను రాసేటాయన ఎవరో. ఈయన పేరు దాసయ్య. ఇక్కడి కిరస్తానీ గుడిలో ఉపదేశి. నా కొడుకును మట్టిలో పెట్టింది ఈయనే. చెయ్యి ఆపకు దాసయ్యా, రాయి. ఆపుతున్నాడు తమ్మీ. "నా గురించి ఎందుకవ్వా" అంటున్నాడు. రాయకపోతే ఇంకొకరి దగ్గరికి పోతాను అన్నాను, రాస్తున్నాడు.

ఆ దినం నేను ఈయన గల్లా పట్టుకున్నాను. "ఎవల కొడుకును ఎవల గడ్డల పెట్టినవురా? నీకు కండ్లు లేవా?" అని వాడకట్టంతా వినేటట్టు తిట్టినాను. ఈయన నిలబడి తిట్లన్నీ తిన్నాడు. తర్వాత చెప్పినాడు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను:

"వానల శవం నిలువది అవ్వా. ఎవలోల్లని అందరు అడుగుతుండ్రు. మెడల సిలువ చూసిన. మా సిలువ లెక్క లేదు, చుట్టు గుండ్రం ఉన్నది. నాకు జర అనుమానం వచ్చింది. జంధ్యం ఉంటదేమోనని చూసిన. లేదు. నెత్తురు, బొగ్గు కింద కనబడతలేదేమోనని నా ఇంటామె నీళ్ళు కాగబెట్టింది, ఒళ్ళంత కడిగినం. కడిగినంక సుత చూసిన. లేదు. ఇగ మావోడే అనుకున్న. ఒక్కన్ని ఎట్ల పంపుతమని పదిమందిమి వానల నడిచినం."

విన్నావా? వెతికినాడు. ముక్కు ముఖం తెలియని మనిషి నా కొడుకు ఒంటి మీద జంధ్యం కోసం వెతికినాడు. ఉంటే ఆపేవాడు. మనవాళ్ళను పిలిచేవాడు. నిప్పు పెట్టేవారు. గోదావరి ఎంత దూరం? మంచిర్యాల దాటితే గోదావరి. ఆ నూలు పోగు లేకనే వాడు అక్కడ ఉన్నాడు. ఆ పోగు ఎక్కడ పోయింది? నాకు తెలుసు, నీకు తెలుసు, ఆ గాడిపొయ్యికి తెలుసు.

దాసయ్య గుడ్డలో చుట్టి పెట్టిన బిళ్ళను నా చేతిలో పెట్టినాడు. కండ్లు సరిగా కనిపించక వేళ్ళతో తడిమినాను. ఒక చోట, కిందికి పోవాల్సిన తీగ మీదికి పోయి ఉంది. ఇక ఎవరూ ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది.

వాళ్ళ ఫాదరు మంచిగనే అన్నాడు. "తప్పు జరిగిందమ్మా. తవ్వి తీసుకుపోతామంటే అడ్డం రాము, మేము కూడా సాయం పడతాము" అన్నాడు. అప్పుడు నేను చెప్పిన జవాబే ఇప్పుడు నీకు చెబుతున్నాను. నా కొడుకును ఒకసారి మట్టి కింద నుంచి తవ్వి తీసినారు. పారలతో తీసినారో, చేతులతో తీసినారో నేను చూడలేదు. రెండోసారి తవ్వనివ్వను. కులం కోసం తవ్వనివ్వను, గోదావరి కోసం తవ్వనివ్వను, నా కోసం కూడా తవ్వనివ్వను. వాడి మీద పార పడదు. ఇది మొదటి షరతుకు జవాబు.

రెండోది కరగబెట్టడం. బిళ్ళ ఇప్పుడు నా మెడలో ఉంది. కిరస్తానీ అయిందనుకుంటారో, పిచ్చిది అనుకుంటారో అనుకోనియ్యి. కరగబెడితే ముద్ద అవుతుంది కదా. ఆ ముద్దలో నువ్వు లాగిన తీగ ఎంత, నేను పేనిన పేనుడు ఎంత, వాడి ఊపిరి ఎంత, విడదీసి చూపిస్తావా? వాడు ఊదుగొట్టంలో ఊదిన ఊపిరికే ఆ అతుకు కరిగి పట్టుకుంది. లోకంలో వాడి ఊపిరి మిగిలింది ఆ అతుకులోనే. నేను కరగబెట్టను.

ఇక్కడి అయ్యగారిని అడిగినాను, పెత్రమాసకు మొగిలి పేరు మీద బియ్యం పట్టమని. పోయినేడు ఏడాది కాలేదని ఊరుకున్నాను. ఇప్పుడు వాడు పెద్దలలో కలవాలి కదా. ఆయన, "కిరస్తానీ బొందలగడ్డల పన్నోని పేరు మీద నేనెట్ల బియ్యం పట్టాలె అవ్వా, కడమ ఇండ్లోల్లు నన్ను రానిస్తరా?" అన్నాడు. అంటే వాడు ఎక్కడివాడు? కిరస్తానీలు "మావోడు కాదు, పొరపాటున పెట్టినం" అంటారు. మనవాళ్ళు "మావోడు కాదు, తప్పించినం" అంటారు. ఆకలిగొన్న పెద్దలంతా వాకిట్లోకి వచ్చే దినం నా కొడుకు ఏ వాకిట్లో నిలబడాలి? రాత్రి కోడలు అడిగింది, "అత్తా, ఆయినకు నీళ్ళ దూప అయితదా గక్కడ?" అని. నేను ఏం చెప్పాలి? అందుకే నీకు రాయిస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. పెత్రమాసకు నువ్వు రా. కులాన్ని తీసుకొని రావద్దు, ఒక్కడివే రా. మంచిర్యాలలో దిగి, గోదావరిలో మునిగి, చెంబెడు నీళ్ళు పట్టుకొని రా. ఒక జంధ్యం తీసుకొని రా, పసుపు పెట్టి, నీ చేతితో. నిన్ను గడ్డ దగ్గరికి నేను తోలుకపోతాను. గడ్డ మీద వాళ్ళు కర్ర సిలువ పాతినారు, దానికి నువ్వు భయపడకు, అది ఏమీ అనదు. ఆ మట్టి మీద జంధ్యం పెట్టి, నీళ్ళు పోసి, "మొగిలీ, మామ వచ్చిండురా" అను. అంతే. తవ్వేది లేదు, కరగబెట్టేది లేదు. నువ్వు తెంపినది నువ్వు వేయాలి. వాడు అడిగింది అదే. నన్ను, సత్తెవ్వను కులంలో కలుపుకోకున్నా మేము అడగము.

నిన్ను శపించడానికి ఇది రాయించలేదు. నువ్వు పాలు తాగే పిల్లగానిగా ఉన్నప్పుడు అవ్వకు జ్వరం వస్తే, నిన్ను సంకనేసుకొని పాల కోసం వాడకట్టంతా తిప్పిన అక్కను. నీకు శాపం పెట్టాలంటే నా నోరు రాదు. ప్రయత్నం చేసినాను, రాలేదు.

రాకపోతే నేను పోతాను. ఆడదానికి అధికారం లేదని అంటావు. ఏండ్ల తరబడి నీ ఇంట్లో తీగ పేనినప్పుడు ఎవరూ అధికారం అడగలేదు. పత్తి తెచ్చి, నూలు వడికి, తొడ మీద పేని, ముడి వేసి, వాడి మట్టి మీద నేనే పెడతాను. సత్తెవ్వ నీళ్ళు పోస్తుంది. దాసయ్య దూరంగా నిలబడతాను అన్నాడు, దగ్గరనే నిలబడమన్నాను. వాడి చుట్టూ పిండితో ఆ మెలికల ముగ్గు వేస్తాను. చావు చోట ముగ్గు వేయరని నాకూ తెలుసు. వేస్తాను.

చిన్న సంగతులు. నేను తీగ పేనే పలకలు రెండు అటక మీద, చింతపండు కుండ వెనుక ఉంటాయి. వచ్చేటప్పుడు తీసుకొని రా. రాకపోతే ఎవరితోనైనా పంపు, అవి మన అవ్వవి, నీకు పనికిరావు. మన ఇంటి చింతపండు కూడా పిడికెడు పంపు, ఇక్కడిది పులుపు లేదు. మరదలితో నేను అడిగినానని చెప్పు. నీ చిన్నోడికి సంబంధం కుదిరితే మంచిదే, పిల్లకు నా దీవెన. చిన్నవ్వ చల్లని చెయ్యి నా నెత్తి మీద పెట్టినట్టు తలుచుకుంటున్నాను, ఆమెను కూడా అట్లానే తలుచుకోమను. కోడలు మీ అందరికీ దండం పెట్టి రాయమన్నది. నువ్వు పిల్లాపాపలతో నూరేండ్లు ఉండు.

కింద నా వేలిముద్ర పెడుతున్నాను. దాసయ్య చూసి, "గీతలు పడతలేవవ్వా, ఇంకోసారి పెట్టు" అంటున్నాడు. ఎన్నిసార్లు పెట్టినా అంతే. తీగ పేని పేని బొటనవేలి మీది గీతలు అరిగిపోయినాయి, నల్ల మచ్చ ఒక్కటే పడుతుంది. గీతలు లేవు కాబట్టి ఇది మా అక్క ముద్ర కాదని కులం ముందర అనకు. అవి ఎక్కడ పోయినాయో నీ ఇంట్లోని వెండికి తెలుసు.

ఇట్లు,
నీ అక్క
వీరవ్వ, మొగిలి తల్లి
(వేలిముద్ర)